ఆమ్లంలో కరిగిందంతా సున్నమేనా? పాత గార పాళ్ల లెక్క కుదరట్లేదు

పాత ఇటుక గోడ అతుకులకు సరిపోయే సున్నపు గార కలపాలి. ఎండావానలకు దెబ్బతిన్న పైభాగం వదిలేసి, అతుకులో 25 మి.మీ. లోపలి నుంచి నమూనా తీశాను. 105 డిగ్రీల సెల్సియస్‌లో బరువు నిలకడయ్యే దాకా ఆరబెట్టి, 50 గ్రాములు తూచి, 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నురగ పూర్తిగా ఆగేవరకు ఉంచాను. మిగిలింది ఇసుక 24 గ్రా., ఎర్రటి మెత్తని పొడి 4 గ్రా. (ఇటుక పొడి కావచ్చు, బంకమట్టి కావచ్చు). కరిగిపోయింది 22 గ్రా.

అదంతా కాల్షియం కార్బొనేట్ అనుకుంటే 16.3 గ్రా. పొడి సున్నానికి (కాల్షియం హైడ్రాక్సైడ్) సమానం. తడి సున్నంగా మార్చి ఘనపరిమాణంలో చూస్తే సున్నం, ఇసుక సుమారు 3:2. నమ్మబుద్ధి కాని పాళ్లు ఇవి. కలిపి చూస్తే అనుకున్నట్టే ఆరేటప్పుడే బీటలిచ్చింది. 1:3లో బీటలు లేవు, కానీ పాత గారలోని తెల్ల చుక్కలు గానీ, ఆ రంగు గానీ రావట్లేదు.

పది రెట్ల భూతద్దంలో తెల్ల గింజలు రెండు రకాలుగా కనిపిస్తున్నాయి. సూదితో గుచ్చితే పొడైపోయేవి సరిగా కలవని సున్నపు ఉండలు. గీత మాత్రమే పడేవి సున్నపురాయి లేదా గవ్వ ముక్కలు. ఆమ్లం రెంటినీ కరిగించేస్తుంది, ఇసుకలో భాగమైన రాతి, గవ్వ ముక్కలు కూడా సున్నం లెక్కలోకి వచ్చేస్తాయి, చిక్కంతా అక్కడే. మరో ముక్కను రబ్బరు రోకలితో మెల్లగా నలిపి జల్లించి, 1.18 మి.మీ., 600 మైక్రాన్ల జల్లెడల మీద నిలిచిన గట్టి గింజలను ఏరి తూచాను. 300 మైక్రాన్ల కిందికి వచ్చేసరికి ఏది సున్నమో, ఏది రాతిపొడో కంటికి తేలడం లేదు.

పలుచని కోత తీసి సూక్ష్మదర్శినిలో చూసే వీలు లేనప్పుడు, ఈ 300 మైక్రాన్ల లోపు భాగంలో సున్నపురాయి వాటాను ఎలా అంచనా వేయాలి?