అర్బన్ ఫాంటసీని 'మాయానగర నవల' అనవచ్చా?

అర్బన్ ఫాంటసీకి, అంటే నిజమైన నగరంలో అద్భుతాలు జరిగే నవలలకు, తెలుగు పేరుగా నిన్న ఇక్కడ వచ్చిన 'మాయానగర నవల' అన్న సూచన చెవికి ఇంపుగానే ఉంది. అయినా నేను ఒప్పుకోలేకపోతున్నాను. మాయలేడి లేడి కాదు, మారీచుడు. మాయాశశిరేఖ శశిరేఖ కాదు, ఘటోత్కచుడు. తెలుగులో 'మాయ' ముందు చేరిందంటే ఆ వెనక ఉన్నది అబద్ధమని అర్థం. ఈ నవలల్లో మాత్రం నగరం అబద్ధం కాకూడదు. మనం ఎక్కే రైలు, దిగే స్టేషన్, ఆ గోడల మీది పేర్లు అన్నీ నిజమైనవే కావాలి.

ఇంగ్లీషు రచయిత నీల్ గైమన్ 1996 నాటి నవల 'నెవర్‌వేర్' చూడండి. లండన్‌లో ఎర్ల్స్ కోర్ట్ అనేది ఒక భూగర్భ రైలు స్టేషన్. ఎర్ల్ అంటే ఒక ప్రభువు, కోర్ట్ అంటే కొలువు. రోజూ అక్కడ దిగేవాళ్లలో ఎర్ల్ ఎవరు, ఆ కొలువేమిటి అని ఆలోచించేవాళ్లు ఎందరు? నవలలో నిజంగానే ఒక ఎర్ల్ రైలుపెట్టెలో కొలువు తీరి ఉంటాడు. ఇస్లింగ్టన్ పేటలో ఏంజెల్ (దేవదూత) అనే స్టేషన్ ఉంది. నవలలో ఇస్లింగ్టన్ ఒక దేవదూత పేరు. నైట్స్‌బ్రిడ్జ్‌లోని 'నైట్' అంటే వీరయోధుడు. ఇంగ్లీషులో రాత్రికీ అదే ఉచ్చారణ కనుక, రచయిత దాన్ని చీకటి వంతెనగా మార్చి, దాటేవారి దగ్గర సుంకంగా ప్రాణమే వసూలు చేయించాడు.

మన శాస్త్రాల మాటల్లో చెప్పాలంటే, రూఢిలో (వాడుకలో స్థిరపడిన అర్థంలో) నిద్రపోయిన పేరుకు యౌగికార్థం (పదంలోని భాగాల నుంచి వచ్చే అర్థం) మేల్కొంటోంది. నైట్స్‌బ్రిడ్జ్ దగ్గరైతే అది అచ్చమైన శ్లేష. నన్ను ఈ నవలలకు కట్టిపడేసింది ఇదే. రాజకుమారులు, మాంత్రికులు మన జానపద నవలల్లో కావలసినంత మంది ఉన్నారు. కానీ ఆ రాజ్యాలకు మనం టికెట్టు కొనుక్కుని వెళ్లలేము. ఎర్ల్స్ కోర్ట్‌లో ఈ సాయంత్రమే దిగవచ్చు.

అందుకే 'నగరాద్భుత నవల' అంటున్నాను. ఫాంటసీకి 'కాల్పనిక' అనడం వద్దు. విమర్శలో ఆ మాట ఇప్పటికే భావకవిత్వానికి స్థిరపడింది.

"నగరాద్భుతం అంటే చార్మినార్ లాంటిదని అనుకోరా?" అని అడిగినవారికి: 'నగరము యొక్క అద్భుతము' అని షష్ఠిగా విడదీస్తే మీరన్నది నిజం. నేను ఉద్దేశించినది సప్తమి: నగరమునందు అద్భుతము. వనవాసాన్ని 'వనము యొక్క వాసం' అని ఎవరూ విడదీయరు కదా. పక్కన 'నవల' ఉంటే అనుమానం ఇంకా తగ్గుతుంది.

నాకున్న బాధ 'అద్భుతం'తోనే. మంచి కాఫీ తాగినా అద్భుతమే అంటున్నాం. నవరసాల్లో అద్భుతానికి స్థాయి (మూలభావం) విస్మయం. ఆ 'విస్మయం'తో ఎవరైనా నోరు తిరిగే సమాసం కడితే, నాది వెంటనే వెనక్కి తీసుకుంటాను.