ఏఆర్‌టీ (హెచ్‌ఐవీకి మందులతో చేసే చికిత్స) రోగులకు రోజూ గుర్తుచేసే సందేశాలు పంపవచ్చా?

ప్రశ్న: నేను ఒక ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్‌ని. తేదీ దాటినా మందులకు రానివారికి ఫోన్ చేస్తూనే ఉన్నాం గానీ, అంతదాకా రాకుండా రోజూ ఒక సందేశం పంపితే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నాను. మీ సలహా ఏమిటి?

జవాబు 1: రోజూ వద్దండి. కెన్యాలో 538 మందితో జరిగి, 2010లో లాన్సెట్ పత్రికలో వెలువడిన వెల్‌టెల్ అధ్యయనంలో వారానికి ఒక్కసారి స్వాహిలీలో ‘మాంబో?’ అని, అంటే ‘ఎలా ఉన్నారు?’ అని మాత్రమే అడిగేవారు. 48 గంటల్లో ‘సావా’ అని బదులిస్తే బాగున్నట్టు, ‘షీడా’ అని బదులిస్తే ఇబ్బంది ఉన్నట్టు. ఇబ్బంది ఉందన్నవారికీ, బదులివ్వనివారికీ సిబ్బంది ఫోన్ చేసేవారు. వైరస్ అదుపులో ఉన్నవారు సందేశాలు అందుకున్నవారిలో 57 శాతం, మిగతావారిలో 48 శాతం. జబ్బు పేరు ఎక్కడా రాకపోవడం నాకు బాగా నచ్చింది.

జవాబు 2: తొందరపడకండి. దక్షిణ భారతదేశంలో 631 మందికి వారం వారం ఆటోమేటిక్ కాల్, బొమ్మ సందేశం పంపి చూసిన అధ్యయనంలో చికిత్స ఫలితం ఏమీ మెరుగుపడలేదని 2014లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. యంత్రం పిలిస్తే ఒకటి, మనిషి పిలిస్తే ఒకటి అని నా అనుమానం.

జవాబు 3: నేను పదకొండేళ్లుగా ఈ మందులు వాడుతున్నాను. ఒకసారి కేంద్రం నుంచి వచ్చిన కాల్‌ను మా అత్తగారు ఎత్తితే, అవతలివారు ఎక్కడినుంచో చెప్పేశారు. అప్పటినుంచి ఆ నంబరు నా ఫోన్లో ‘టైలరు’. ఏ వేళకు చేయాలో, ఏమని మాట్లాడాలో ముందు మమ్మల్ని అడగండమ్మా.