జాన్ డెన్వర్ నటించిన అలాస్కా టెలివిజన్ చిత్రం ఎలా ఉంటుంది?

ప్రశ్న: అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ 1988లో సీబీఎస్ టెలివిజన్ కోసం తీసిన ‘హయ్యర్ గ్రౌండ్’ అనే ఉత్కంఠభరిత చిత్రంలో కథానాయకుడిగా నటించారని తెలిసింది. కొండల గురించి, పల్లె దారుల గురించి అంత మృదువుగా పాడిన మనిషికి అటువంటి పాత్ర నప్పిందా? చూసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: నప్పిందనే నా అభిప్రాయమండి. ఎఫ్‌బీఐ ఉద్యోగం వదిలి అలాస్కాలో చిన్న విమానం నడుపుకొనే వ్యక్తిగా ఆయన కనిపిస్తారు. మిత్రుడి హత్య ఆయనను మళ్లీ నేరస్థుల వేటలోకి లాగుతుంది. వైమానిక దళంలో పైలట్‌గా పనిచేసిన తండ్రి వద్దే డెన్వర్ విమానం నడపడం నేర్చుకున్నారు కాబట్టి, కాక్‌పిట్‌లో ఆయన చేతుల కదలికలు చాలా సహజంగా అనిపిస్తాయి.

సమాధానం 2: ఆయన ముఖంలోని సౌమ్యత మాత్రం నేరస్థులను వెంటాడే పాత్రకు కొంత అడ్డుపడిందని నాకు అనిపించింది. అలాస్కా ఆయనకు కొత్త కాదు, 1978లోనే ఆ ప్రాంతంపై ఒక డాక్యుమెంటరీ చేశారు. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలోని మాంటెరీ అఖాతంలో, తానే నడుపుతున్న చిన్న విమానం కూలి ఆయన మరణించారని తెలిసిన నాకు, ఇందులోని విమాన దృశ్యాలు చూడటం నిజంగా కష్టమైంది.

సమాధానం 3: ఈ చిత్రం పేరుతోనే, అదే 1988లో ఆయన పాటల ఆల్బమ్ కూడా వచ్చింది. వీలైతే ముందు అది వినండి.