ప్రార్థించినా నయం కాలేదంటే విశ్వాసం తక్కువనేనా?

మిరపతోట:
అందరికీ వందనాలు. తిట్టినా ఫర్వాలేదు, సూటిగా చెప్పండి.

మా ఆయనకు రెండేళ్లుగా డయాలసిస్. వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. ఈ రెండేళ్లలో నేను ఉన్న ఉపవాసాలకు లెక్క లేదు. పోయిన డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని బైబిల్ వచనం రాసి ఇచ్చే వాగ్దానపు కార్డు నాకూ వచ్చింది, దాని మీద "నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే" అని ఉంది. అద్దం అంచున దోపి పెట్టాను. తల దువ్వుకున్నప్పుడల్లా అదే కనబడుతుంది.

మొన్న శుక్రవారం కూటంలో ఒక పెద్దాయన అందరి ముందూ అన్నారు, "అమ్మా, దేవుడు చేయలేనిది లేదు. ఎక్కడో నీ విశ్వాసంలోనే లోపముంది, చూసుకో" అని. ఇంటికొచ్చాక మా ఆయన అన్నం తినలేదు. అసలే ఆయనకు రోజుకు ఇన్ని నీళ్లే అని కొలత. ఆ రోజు ఆ నీళ్లూ ముట్టలేదు. "నా వల్ల నీకు చెడ్డపేరు" అన్నారు.

సందేహాలు ఉన్న మాట నిజమే. రాత్రి రెండింటికి లేచి కూర్చుని "అసలు వింటున్నావా?" అని అడిగిన రోజులున్నాయి. అది పాపమా? అందుకేనా నయం కావడం లేదు?

కాపరి కొడుకు:
సిస్టర్, అందరిలో అలా అనడం తప్పు. కానీ చెప్పిన విషయం తప్పని నేననను. సందేహించేవాడు గాలికి ఎగిరిపడే సముద్ర తరంగంలాంటివాడని యాకోబు 1:6లో ఉంది. నజరేతులో జనం నమ్మలేదు కాబట్టి యేసు అక్కడ ఎక్కువ అద్భుతాలు చేయలేదని మత్తయి 13:58లో ఉంది. ఇవి నేను రాసినవి కావు కదా. మా నాన్నగారు నూనె రాసి ప్రార్థిస్తే మంచం దిగినవాళ్లను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అవన్నీ ఉత్తవేనని ఎలా అనను? సందేహం వచ్చిందని ఒప్పుకోండి, సరిదిద్దుకోండి. దాన్ని చంకనెత్తుకుని తిరగకండి.

హేతువు:
నయమైతే దేవుడి మహిమ, కాకపోతే రోగి తప్పు. ఈ లెక్కలో దేవుడు ఎప్పటికీ ఓడిపోడు, ఎప్పుడూ మనిషే. నేను నమ్మేవాణ్ణి కాదు, అయినా అడుగుతున్నాను. ఇది మీకే అన్యాయంగా అనిపించడం లేదా?

కవిటి కొబ్బరి:
అక్కా, మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. సోంపేట, కవిటి, కంచిలి వైపు వచ్చి చూడండి, ఊరూరా కిడ్నీ రోగులే. మా వీధిలో ఆరు ఇళ్లలో నలుగురు పోయారు. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసుకునే మనుషులు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు. ఏళ్ల తరబడి పరీక్షలు చేసినా ఇదీ కారణమని తేల్చలేకపోయారు. గుడికి వెళ్లేవాళ్లకూ వచ్చింది, చర్చికి వెళ్లేవాళ్లకూ వచ్చింది. మా పెదనాన్న సంఘంలో నలభై ఏళ్లు గంట కొట్టాడు, ఆయనకూ వచ్చింది.

ఇన్ని ఊళ్ల విశ్వాసం ఒక్కసారే తగ్గిపోయిందా? ఆ పెద్దాయన్ని మా ఊరు తీసుకొచ్చి, మా అమ్మమ్మ ముందు ఆ మాట అనమనండి.

సండేస్కూల్ టీచర్:
కాపరి కొడుకు గారూ, యాకోబు ఒకటో అధ్యాయం చదివారు, సంతోషం. ఐదో అధ్యాయానికి కూడా రండి. మీలో ఎవడైనా రోగియై ఉంటే సంఘపు పెద్దలను పిలిపించాలి, వాళ్లు నూనె రాసి ప్రార్థించాలి అని 14వ వచనం. "విశ్వాససహితమైన ప్రార్థన ఆ రోగిని స్వస్థపరచును" అని దాని వెంటనే. ఎవరి ప్రార్థన అది? పెద్దలది! రోగి చేయాల్సిందల్లా కబురు పెట్టడమే. విశ్వాసం సరిపోలేదనే మాటే వస్తే ముందు ఎవరిని అడగాలి? కూటంలో వేలు చూపించినాయన్నే. కపెర్నహూములో పక్షవాత రోగిని పైకప్పు విప్పి దించినప్పుడు కూడా యేసు "వారి విశ్వాసము" చూశాడని ఉంది. మోసుకొచ్చినవాళ్లది. మంచం మీద ఉన్నవాణ్ణి పరీక్ష పెట్టలేదు.

ఇక అపొస్తలుడు పౌలు. అంతమందిని బాగుచేసినవాడు తన తోటివాడు త్రోఫిమును మిలేతు ఊళ్లో రోగిగానే వదిలి వచ్చానని రాసుకున్నాడు. తన ఒంట్లోని ముల్లు, అంటే తనను వేధించే బాధ, తీసేయమని మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అనే జవాబే వచ్చింది, ముల్లు అలాగే ఉంది. పౌలుకు విశ్వాసం తక్కువంటారా?

అమ్మా మిరపతోటా, "వింటున్నావా?" అని అడగడం పాపమైతే కీర్తనల గ్రంథంలో సగం చింపేయాలి. 88వ కీర్తన ఒక్కసారి చదువు. చివర్లో స్తుతి కూడా ఉండదు.

గుండ్లకమ్మ:
మా ఒంగోలు సంగతి ఒకటి. అమెరికన్ బాప్టిస్టులు 1836లో మొదలుపెట్టిన తెలుగు మిషన్‌ను, ఫలితం లేదు, మూసేద్దామని ఒకటికి రెండుసార్లు అనుకున్నారు. ఆ మిషనరీల్లో ఒకరైన క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చారు. 1876-78 కరువులో జనం తిండి లేక రాలిపోతుంటే బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత దూరం కాంట్రాక్టు తీసుకుని వాళ్లకు కూలి ఇప్పించారు. బాప్తిస్మం ఇవ్వమని జనం వెంటపడ్డారు. ఆయన ఇవ్వలేదు! కరువు పనులు నడిచినన్నాళ్లూ ఆపేశారు, గింజల కోసం వచ్చారనే మాట రాకూడదని. పనులు అయిపోయాక కూడా వాళ్లు వెనక్కి పోలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఎక్కువమంది మాదిగలు.

వాళ్ల మనసులో ఏముందో నేను చెప్పలేను, కులం బరువు దిగుతుందన్న ఆశ కూడా ఉండే ఉంటుంది, తప్పేముంది. నేననేది ఒకటే. ఆనాడు "మేలు ఆగాక కూడా ఉంటావా?" అని చూశారు. ఈనాడు "రా, మేలు జరుగుతుంది" అని పోస్టర్ వేస్తున్నారు. పోస్టర్ నమ్మి వచ్చినావిడకు మేలు జరగకపోతే తప్పు ఆవిడదా?

కాపరి కొడుకు:
టీచర్ గారూ, పెద్దల ప్రార్థన మాట ఒప్పుకుంటున్నాను. ఆ వచనం మా ఇంట్లో వంద సార్లు చదివాం, ఆ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. కానీ ఒక భయం ఉంది. ఇలా మాట్లాడుకుంటూ పోతే చివరికి ఎవరూ గట్టిగా అడగరు. "నీ చిత్తమైతే" అని ముందే తలుపు తీసి పెట్టుకుని చేసే ప్రార్థన నాకు నచ్చదు.

సండేస్కూల్ టీచర్:
సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు చేసిన ప్రార్థన అదే కదా బాబూ. అడగడం అడిగాడు, చెమట రక్తపు బిందువుల్లా కారేంతగా అడిగాడు. ఆ శ్రమల గిన్నె తొలగలేదు. రాజు ప్రతిమకు మొక్కని షద్రకు, మేషాకు, అబేద్నెగో కూడా "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అని ముందే చెప్పి అగ్నిగుండం దగ్గరికి వెళ్లారు. గట్టిగా అడుగుదాం. నయం కాకపోతే నేరం రోగి మెడకు చుట్టొద్దు, అంతే.

హేతువు:
సరే, మరి అడిగినా అడగకపోయినా ఒకటే అయినప్పుడు తేడా ఏమిటి? ఎద్దేవా చేయడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.

మిరపతోట:
హేతువు గారూ, తేడా ఏమిటో నాకు పెద్ద మాటల్లో చెప్పడం రాదు. రాత్రి రెండింటికి తిట్టుకోవడానికైనా ఎవరో ఒకరు ఉన్నారని కూర్చుంటాను. ఎవరూ లేరనుకుంటే ఆ టైంలో ఎవరితో మాట్లాడాలి? మీకది జవాబులా అనిపించకపోవచ్చు.

టీచర్ గారూ, 88వ కీర్తన నిన్న ఆస్పత్రిలో చదివి వినిపించాను. పక్కన మిషన్ చప్పుడు, మా ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" దగ్గర ఆపేశాను. "తర్వాత?" అన్నారు. ఇంతేనండీ, అయిపోయింది అన్నాను. "బైబిల్లో ఇలాంటిది కూడా పెట్టారా!" అని నవ్వారు. ఆయన నవ్వి చాలా రోజులైంది. నర్సమ్మ కూడా తిరిగి చూసింది.

కార్డు అద్దానికే ఉంది, తీయలేదు. ఈ శుక్రవారం కూటానికి మాత్రం ఇద్దరం వెళ్లలేదు. ఆ యాకోబు వచనం తీసుకెళ్లి పెద్దాయనకు చూపించాలా?

సండేస్కూల్ టీచర్:
చూపించకమ్మా, పట్టుదలకు పోతాడు. ఇంటికి పిలువు. పెద్దలను పిలిపించాలనే కదా అక్కడున్నది. నూనె ఆయన్నే తెమ్మను. మీ ఆయన ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టు.

మిరపతోట:
రేపు మళ్లీ డయాలసిస్. ఎల్లుండి సాయంత్రం రమ్మని కబురు పెడతాను.