డబ్బింగ్ మాటలు రాసినాయన రచయితా, కాదా?

బందరు రోడ్డు:
మా ఇంట్లో మొన్న పెద్ద వాదన అయింది, తెలిసినవాళ్ళు చెబుతారని ఇక్కడ పెడుతున్నా. మా పెదనాన్న గారు గుంటూరులో పరిషత్తు నాటకాలాడి, ఇక్కడ విజయవాడ పున్నమ్మతోట రేడియో స్టేషన్‌లో నాటకాలకి గొంతిచ్చి, ఆ తర్వాత మద్రాసు వెళ్ళి పదిహేనేళ్ళు డబ్బింగ్ చెప్పారు, తమిళ సినిమాలకి తెలుగు మాటలు కూడా రాశారు. ఇప్పుడు ఆయన సంవత్సరీకం కార్డులో పేరు కింద 'సినీ రచయిత' అని వేద్దామంటే మా బాబాయి ఒప్పుకోవట్లేదు. ఎవరో రాసింది తెలుగులోకి మార్చాడు, అంతేగా అంటున్నారు.

అరండల్‌పేట:
ఏమీ అనుకోకండి, మీ బాబాయి గారు చెప్పిందే కరెక్ట్ అనిపిస్తుంది. కథ వేరేవాళ్ళది, సీను వేరేవాళ్ళది, అలాంటప్పుడు ఆయన్ని అనువాదకుడు అనాలి. అందులో తక్కువేం లేదండీ.

బందరు రోడ్డు:
అనువాదం అయితే అర్థం చూసుకుంటే సరిపోతుంది, ఇక్కడ నోరు కూడా చూసుకోవాలి. తమిళంలో 'పారు' అంటే చూడు. 'పా' అన్నప్పుడు పెదాలు కలుస్తాయి, మన 'చూడు'కి కలవవు, క్లోజప్‌లో వెంటనే దొరికిపోతుంది. అలాంటప్పుడు ఆ వాక్యాన్నే తిరగేసి, ప, బ, మలతో మొదలయ్యే ఇంకో మాట వెతకాలి, అది మన ఇళ్ళలో మాట్లాడుకునే తెలుగులా ఉండాలి, నటుడు నోరు మూసేలోపు అయిపోవాలి. పెదనాన్న పొడుగు నోటు పుస్తకం నా దగ్గరే ఉంది, పెదాలు కలిసే చోటల్లా అక్షరం కింద ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టుకున్నారు. ఒక పేజీలో ఒకే డైలాగు ఏడుసార్లు కొట్టేసి రాశారు. ఇది రాయడం కాకపోతే ఏమిటండీ? తెలుగులో తొలి డబ్బింగ్ సినిమా 'ఆహుతి', 1950లో వచ్చింది, దానికి రాసింది శ్రీశ్రీ. ఆయన్ని అనువాదకుడు అని ఎవరైనా సరిపెట్టారా?

అరండల్‌పేట:
శ్రీశ్రీ అంతకుముందే మహాకవి కదా, ఆ పోలిక కుదరదు. ఇక గొంతు సంగతి, సాయికుమార్ గారిలా సుమన్‌కీ రాజశేఖర్‌కీ చెప్పి ఉంటే జనానికి గుర్తుంటారు. చిన్నచిన్న పాత్రలకి చెప్పినవాళ్ళు లెక్కలేనంత మంది.

బందరు రోడ్డు:
లెక్కలేనంత మంది కాబట్టే చెబుతున్నా. అప్పట్లో రీలుని ముక్కలు చేసి లూపు కట్టి వేసేవాళ్ళు, అదే ముక్క తెర మీద తిరుగుతుంటే చూస్తూ చెప్పాలి, సీన్లో ఉన్నవాళ్ళంతా ఒకే మైకు దగ్గర నిలబడేవాళ్ళు, ఒక్కరు తప్పినా అందరూ మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సిందే. పెదనాన్న ఒకే పూట ఎస్సైకి, పాలవాడికి, పెళ్ళికూతురు తండ్రికి చెప్పి వచ్చేవారట. ఒక సినిమాకి మాటలు మొత్తం ఆయనే రాస్తే టైటిల్స్‌లో వేరే పేరు పడింది, పెద్దమ్మ థియేటర్లో చూసి ఇంటికొచ్చి అన్నం తినలేదు. అందుకే ఈ కార్డు మీద ఆయన పేరు కింద ఏం పడుతుందనేది నాకు చిన్న విషయం కాదు.

అరండల్‌పేట:
ఈ సంగతి తెలియక అన్నానండీ. అయినా ఒక్క మాట, ఆయన కథ, స్క్రీన్‌ప్లే రాయలేదు కదా. ఒట్టి 'రచయిత' అంటే అవి కూడా వచ్చేస్తాయి. 'మాటల రచయిత' అని వేయించండి, అప్పుడు ఎవరూ వేలెత్తి చూపలేరు.

బందరు రోడ్డు:
అది న్యాయంగానే ఉంది. బాబాయికి ఫోన్ చేసి చదివి వినిపించా, 'మాటల రచయిత, డబ్బింగ్ కళాకారుడు' అంటే సరే అన్నారు. రేపు పొద్దున్నే ప్రెస్‌లో ఇచ్చేస్తున్నా.