సమస్య: కాకి వాల సీత కానరాదు

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం పూరించాల్సిన పాదం "కాకి వాల సీత కానరాదు". ఆటవెలది చివరి పాదం, ఐదు గణాలూ గలాలే (గురువు, తర్వాత లఘువు), యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, కా-కా. షరతు ఒక్కటే, పూరణ పాత టీవీ చుట్టూ తిరగాలి. మొన్న ఊళ్లో మా ఇంటి సామాన్ల గది సర్దుతుంటే చెక్క షట్టర్ల బ్లాక్ అండ్ వైట్ టీవీ బయటపడింది, దాని తెర ముందు తగిలించే రంగుల ప్లాస్టిక్ షీటుతో సహా. పైన నీలం, కింద పచ్చ. ఆ షీటు పెడితే ఆకాశం నీలంగా, గడ్డి పచ్చగా కనిపించేది, మనిషి దగ్గరికొస్తే మాత్రం నుదురు నీలం, గడ్డం పచ్చ అయ్యేవి, అయినా కలర్ టీవీ వచ్చినంత సంబరపడ్డాం. దాన్ని తుడుస్తూ కూర్చుంటే ఈ పాదం వచ్చింది. 1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 దాకా ఆదివారం ఉదయాలు దూరదర్శన్‌లో రామాయణం చూసినవాళ్లకు ఇది అసలు సమస్యే కాదు, చూడనివాళ్లు కాస్త ఆలోచించాలి. సరళాదేశాలు (క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లుగా మారడం), అరసున్నలు అడగను. గణాలూ యతీ మాత్రం తప్పకూడదు.

మిద్దెమీది మామయ్య:
మాస్టారూ, నాకు ఆలోచించే పనే పడలేదు.

ఆదివార ముదయ మందరు చేరగ
చుక్కవాన కురిసె చూడుమయ్య
మేడ మీద కడ్డి మెల్లగా తిరుగంగ
కాకి వాల సీత కానరాదు

మాది రిలే కేంద్రానికి దూరంగా ఉన్న పల్లె. ఊళ్లవాళ్ల కోసం పట్టణాల్లో పెట్టిన ఆ చిన్న రిలే కేంద్రాలు 100 వాట్లవి, కాబట్టి మాలాంటి ఊళ్లకు బొమ్మ అందాలంటే పొడుగు పైపు, బూస్టరు, దేవుడి దయ మూడూ కావాలి. పైపుకి బిగించిన క్లాంపు కాస్త వదులైతే చాలు, పక్షి బరువుకే యాంటెనా మొహం పక్కకు తిరిగేది.

నిర్వాహకుడు:
బాగుంది మామయ్యగారూ. "చుక్కవాన" నాకు చాలా నచ్చింది. సిగ్నల్ లేనప్పుడు తెర మీద గిలగిల్లాడే ఆ చుక్కల్లో కొద్ది భాగం విశ్వం పుట్టిన కాలం నుంచి ఆకాశమంతా నిండి ఉన్న కిరణాల వల్ల వచ్చేదట. మన భాషలో చుక్క అంటే నక్షత్రం కూడా కదా, మీరు అనుకోకుండానే రెండు అర్థాలూ పడ్డాయి.

పాలపిట్ట:
నేను కొత్త. తప్పులుంటే చెప్పండి. ముందు "టీవీ ముందు" అని మొదలుపెట్టాను, గంటసేపు ఎంత తిప్పినా కుదరలేదు, వదిలేశాను.

అన్న మిద్దె నెక్కి తిప్పుచు నుండగ
వచ్చె వచ్చె ననుచు వాడ యరచె
అంతలోన రెక్క లల్లార్చి కడ్డిపై
కాకి వాల సీత కానరాదు

వేపపూత:
తమ్ముడూ, రెండో పాదం చదవగానే మా వీధి గుర్తొచ్చింది. పైన ఒకరు తిప్పడం, మెట్ల మీద ఒకరు, గుమ్మంలో ఒకరు, లోపల టీవీ ముందు ఒకరు, "వచ్చిందా", "వచ్చింది", "పోయింది", "ఇందాకటి దగ్గరికే తిప్పు" అని మాట చేతులు మారుతూ పైకి పోయేది, అది పైకి చేరేలోపు బొమ్మ మళ్లీ మారిపోయేది. ఇక దోషం సంగతి. మొదటి పాదంలో యతి తప్పింది, "అ"కి "తి" కుదరదు. "అన్న మిద్దె నెక్కి యట్టిట్టు తిప్పంగ" అని చూడు, యట్టిట్టులోని అకారంతో యతి సరిపోతుంది, అటూ ఇటూ తిప్పిన తిప్పలు కూడా కనిపిస్తాయి.

"టీవీ" కుదరకపోవడం నీ తప్పు కాదు. రెండూ గురువులు. సూర్యగణమంటే గలమో నగణమో (మూడు లఘువులు), అందులో వరుసగా రెండు గురువులు పడవు. "టీవీని" అంటే తగణం, "యాంటెనా" రగణం, రెండూ ఇంద్రగణాలే, కనుక ఒక్కో గణంగా పెట్టాలంటే ఆటవెలదిలో ఒకటో మూడో పాదాల్లో చివరి రెండు గణాల చోటే వాటికి చోటు. మామయ్యగారు "కడ్డి" అన్నది అందుకేనేమో.

మిద్దెమీది మామయ్య:
అందుకే అమ్మా. పైగా మా ఇంట్లో దాన్ని కడ్డి అనేవాళ్లు. అల్యూమినియం కడ్డీలు వరసగా, మధ్యలో ఒకటి మడతపెట్టిన కడ్డి, దాని నుంచే బల్లపరుపు తీగ కిటికీలోంచి లోపలికి.

గట్టుమీది చెట్టు:
యాంటెనా జోలికి పోకుండా ఇంకో దారి.

రామ కథను చూడ రాగ నూరంతయు
ఫ్యూజు కొట్టె తెరయె బోసిపోయె
వీధి చివర నున్న విద్యుత్తు తీగపై
కాకి వాల సీత కానరాదు

నిర్వాహకుడు:
దారి కొత్తగా ఉంది, "ఫ్యూ"కి "బో" యతి కూడా సరిపోయింది. కానీ అన్నగారూ, విషయంలో దోషముంది. ఒక్క తీగ మీద కాకి వాలితే ఏమీ కాదు, రోజూ బారులు తీరి కూర్చుంటూనే ఉంటాయి కదా. ఒకేసారి రెండు తీగలు తాకితేనే ఫ్యూజు పోతుంది. పద్యంలో ఎంత అతిశయోక్తి అయినా ఒప్పుకుంటాను గానీ, వస్తువు పనిచేసే తీరు తప్పితే ఆ రోజుల్ని తప్పుగా రాసినట్టే అవుతుంది.

గట్టుమీది చెట్టు:
ఒప్పుకున్నాను. మూడో పాదం ఇలా మార్చుకుంటాను: "రెండు తీగ లందు రెక్కలు సోకంగ". కరెంటు పోగానే టీవీ మధ్యలో తెల్లచుక్క ఒకటి మిగిలి మెల్లగా చిన్నదై ఆరిపోయేది, అదొక్కటీ పద్యంలో పెట్టలేకపోయానని బాధగా ఉంది. ఆ చుక్క పోయేదాకా పిల్లలం ఎవరమూ లేచేవాళ్లం కాదు.

నిర్వాహకుడు:
ఇప్పుడు లెక్క సరిపోయింది. తెల్లచుక్క మీద విడిగా పద్యం రాయండి, వచ్చే వారానికి పెడదాం.

వేపపూత:
నా పూరణ.

చిత్రకూట గిరిని చేరిన కాకికి
సీత కనబడినది చెంత గాదె
మాదు మిద్దె మీద మాత్రము వేరయా
కాకి వాల సీత కానరాదు

సుందరకాండలో సీతమ్మ హనుమంతుడికి గుర్తుగా చెప్పి పంపిన కాకాసురుడి కథ. అక్కడ కాకి వాలింది కాబట్టే అమ్మ కథ మనకు తెలిసింది, ఇక్కడ వాలి అమ్మను మాయం చేసింది.

మిద్దెమీది మామయ్య:
అద్భుతం తల్లీ. సమస్యలో ఉన్న వైరుధ్యాన్ని రామాయణంలోంచే తెచ్చి చూపించారు. "సీ"కి "చె" యతి చూసి క్షణం ఆగాను, సకారానికి చకారంతో మైత్రి ఉంది కదా, నిర్దోషం. ఇంతవరకు వచ్చినవాటిలో నాకిదే మొదటిది.

తులసికోట:
అందరివీ చదివాక రాయాలో వద్దో అనుకున్నాను. మా బామ్మకు హిందీ ఒక్క ముక్క రాదు. అయినా తెర మీద రాముడు నోరు తెరవకముందే ఆయన ఏమంటాడో తెలుగులో చెప్పేది, మేమంతా ఆమె మాటే వినేవాళ్లం. ఒకరోజు సరిగ్గా కథ మధ్యలో బొమ్మ పోయింది. నాన్న కర్ర తీసుకుని మిద్దె ఎక్కబోతుంటే బామ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది. తాతయ్య పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

తాత వచ్చె ననుచు తరుమ వద్దనె బామ్మ
హారతిచ్చె తెరకు నచటె నిలిచి
చుక్కలైన నేమి చూచుచుండెను తాను
కాకి వాల సీత కానరాదు

నిర్వాహకుడు:
అక్కయ్యగారూ, రెండుసార్లు చదివాను. "హా"కి "అ" యతి చక్కగా ఉంది. ఒక్క చిన్న మాట, మూడో పాదానికీ నాలుగో పాదానికీ మధ్య అన్వయం కొంచెం తెగినట్టు అనిపించింది. "చూచుచుండెను తాను" అని వాక్యం ముగిశాక సమస్యాపాదం విడిగా నిలబడుతోంది. ముందు కాకి వాలడం, సీత కనబడకపోవడం, తర్వాత బామ్మ చూడటం అని వరుస మారిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

తులసికోట:
ఆలోచించాను మాస్టారూ. మీరన్నది నిజమే, తెగింది. కానీ ఆ రోజు కూడా అలాగే అయింది. మేమంతా బొమ్మ పోయిందని గోల చేస్తున్నాం, ఆమె మాత్రం మా గోలతో సంబంధం లేకుండా ఆ చుక్కల్లోకి చూస్తూ కూర్చుంది. కాకి దానంతట అదే ఎగిరిపోయాక బొమ్మ వచ్చింది, అప్పుడు బామ్మ లేచి, పెరట్లో గోడ మీద ఇంత అన్నం పెట్టి వచ్చింది.

నిర్వాహకుడు:
అయితే ఆ పాదం ముట్టుకోకండి అక్కయ్యా. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.