కొత్త అబాప్ కోడ్‌లో ‘ఎస్‌వై’ వేరియబుల్స్‌ను నిషేధించాలా?

పెన్నాతీరం (నెల్లూరు):

మా జట్టు రొయ్యల ఎగుమతి వ్యాపారాలకు శాప్ (వ్యాపార లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) పని చేసిపెడుతుంది. మా కోడ్ రివ్యూ నిబంధనల ముసాయిదాలో ఈమధ్య ఒక వాక్యం చేరింది: ఇకమీదట రాసే ఏ అబాప్ (శాప్ సొంత ప్రోగ్రామింగ్ భాష) ప్రోగ్రాములోనూ ‘ఎస్‌వై’తో మొదలయ్యే సిస్టమ్ వేరియబుల్‌ను నేరుగా చదవరాదు. ఆ వాక్యాన్ని సమర్థించేవారిలో నేనూ ఒకడిని కనుక నా వాదనను ముందుగా చెబుతాను.

ఎస్‌వై అనేది మనం డిక్లేర్ చేయకుండానే ప్రతి ప్రోగ్రాములోనూ సిద్ధంగా ఉండే స్ట్రక్చర్. తేదీ, సమయం, లాగిన్ అయిన వ్యక్తి పేరు, క్లయింట్, భాష, చివరి వాక్యం సఫలమైందో లేదో చెప్పే రిటర్న్ కోడ్, లూప్‌లో ప్రస్తుత వరుస సంఖ్య, అన్నీ అందులోనే ఉంటాయి. వాటిని నింపేది రన్‌టైమ్ వ్యవస్థే అయినా అవి స్థిరరాశులు కావు. ప్రోగ్రాములో ఎవరైనా వాటిలో ఇంకో విలువ వేయవచ్చు, డీబగ్గర్‌లోనూ మార్చవచ్చు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ మార్చారో తెలియని దాని మీద లెక్కలు కట్టడం ఎందుకన్నది నా ప్రశ్న. 6.10 విడుదలలోనే క్లాస్ ఆధారిత ఎక్సెప్షన్లు (తప్పు జరిగితే ప్రోగ్రామును అక్కడే ఆపి చెప్పే ఏర్పాటు) వచ్చాయి, 7.40లో టేబుల్ ఎక్స్‌ప్రెషన్లు (టేబుల్ వరుసను నేరుగా అడిగే రాత) వచ్చాయి, వాడుకరి పేరు చెప్పడానికి వేరే క్లాసులున్నాయి. ఇన్ని ఉండగా ఆర్/3 (పాత తరం శాప్) రోజుల అలవాటును ఇంకా మోయవలసిన అవసరం ఏమిటో వద్దనేవారు చెప్పాలి.

కర్నూలురోడ్డు (ఒంగోలు):

నిషేధం వద్దనేవారిలో నన్ను వేసుకోండి. ఎస్‌వై కింద ఉన్నవన్నీ ఒకే జాతివి కావు. మీ ముసాయిదా వాక్యం వాటన్నిటినీ ఒకే గాటన కట్టింది. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది.

ఎస్‌వైలోని సబ్‌ఆర్‌సి (రిటర్న్ కోడ్), టాబిక్స్ (టేబుల్ వరుస సంఖ్య), డీబీసీఎన్‌టీ (డేటాబేస్ వరుసల లెక్క) వంటివి అప్పుడే నడిచిన వాక్యం ఇచ్చే జవాబులు. టేబుల్‌లో వెదికే రీడ్ టేబుల్ వాక్యానికి వరుస దొరికితే సబ్‌ఆర్‌సి సున్నా అవుతుంది, దొరకకపోతే సాధారణంగా 4 అవుతుంది. ఆ జవాబును వెంటనే తర్వాతి పంక్తిలోనే చదువుకుంటే దాని వల్ల జరిగే హాని ఏమీ లేదు. డాటుమ్ (తేదీ), యూనేమ్ (వాడుకరి పేరు), లాంగు (భాష), మాండ్ట్ (క్లయింట్) వంటివి అలా కాదు. అవి ప్రోగ్రాము ఏ పరిసరంలో నడుస్తున్నదో చెప్పే సమాచారం, వాటి చిక్కులు పూర్తిగా వేరు. మొదటి రకం ఆయుష్షు ఒక వాక్యం. రెండో రకం ప్రోగ్రాము మొదలైనప్పుడు నిండి చాలాసేపు అలాగే ఉంటుంది. ఈ రెంటికీ ఒకే నియమం పెట్టడమంటే జ్వరానికీ కాలి బెణుకుకూ ఒకే మాత్ర ఇచ్చినట్టు.

అదీగాక, సబ్‌ఆర్‌సిని చదవరాదంటే వాడుకరి అనుమతిని తనిఖీ చేసే ఆథారిటీ-చెక్ వాక్యాన్ని ఎలా వాడతారో చెప్పండి. ఆ వాక్యం ఎవరినీ తనంతట తాను ఆపదు. అనుమతి ఉంటే సబ్‌ఆర్‌సిలో సున్నా పెడుతుంది, ఆ విలువలకు అనుమతి లేకపోతే 4, ఆ ఆథరైజేషన్ ఆబ్జెక్టే వాడుకరికి లేకపోతే 12 పెడుతుంది. దాన్ని చదవకపోతే తనిఖీ వాక్యం ఉన్నా లేనట్టే, లోపలికి వచ్చినవాడు ఎవరైనా ముందుకు పోతాడు. నిషేధాన్ని అక్షరాలా పాటించే కుర్రవాడు రేపు రాసే కోడ్‌లో భద్రత ఉండదు.

పెన్నాతీరం:

ఆథారిటీ-చెక్ విషయం ఒప్పుకుంటున్నాను, దానికి మినహాయింపు రాయవచ్చు. కానీ ‘వెంటనే తర్వాతి పంక్తిలోనే చదువుకుంటే’ అని మీరు పెట్టిన షరతు చూడండి. ఆ షరతు ఎన్నాళ్లు నిలుస్తుందో కోడ్ రాసినవాడి చేతిలో లేదు.

ఒక రొయ్యల శుద్ధి కర్మాగారపు కొనుగోలు ప్రోగ్రాములో నేను చూసినదాన్ని చెబుతాను. రైతు చెరువు పట్టుబడి చేసి పంపిన సరుకును కౌంట్ ప్రకారం, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్కన, వేరు చేసి తూకం వేస్తారు. ప్రోగ్రాము తూకం వరుసల మీద లూప్ తిరుగుతూ, ఒక్కొక్క కౌంట్‌కు ఆనాటి ధరను ధరల ఇంటర్నల్ టేబుల్‌లో (మెమరీలోని పట్టికలో) వెదికి వర్క్ ఏరియాలోకి (ఒక్క వరుసను ఉంచుకునే చోటికి) తెచ్చుకుంటుంది. మొదట రాసినప్పుడు రీడ్ టేబుల్ కిందనే సబ్‌ఆర్‌సి తనిఖీ ఉంది. కొన్నాళ్లకు ఎవరో చెరువు పేరు కూడా రావాలని ఆ రెంటి మధ్యలో డేటాబేస్ నుంచి చదివే ఒక సెలెక్ట్ పెట్టారు. చెరువు పేరు ఎప్పుడూ దొరుకుతుంది, సబ్‌ఆర్‌సి ఎప్పుడూ సున్నాయే. ఒక రోజు 60 కౌంట్‌కు ధర నమోదు కాలేదు. రీడ్ టేబుల్ విఫలమైతే వర్క్ ఏరియాను ముట్టుకోదు కనుక అందులో ముందు వరుస తాలూకు 40 కౌంట్ ధర అలాగే ఉండిపోయింది. 60 కౌంట్ సరుకుకు 40 కౌంట్ ధర కట్టారు. కౌంట్ తగ్గేకొద్దీ ధర పెరుగుతుందని మన జిల్లాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. అదే టేబుల్ ఎక్స్‌ప్రెషన్‌తో రాసి ఉంటే, వరుస లేనప్పుడు లైన్-నాట్-ఫౌండ్ ఎక్సెప్షన్ లేచి అక్కడే ఆగేది, మధ్యలో ఎన్ని సెలెక్ట్‌లు చేర్చినా దాన్ని చెరపలేవు.

నల్లరాయి (చీమకుర్తి):

ఆగేది నిజమే, ఎక్కడ ఆగేదన్నదే ప్రశ్న. రాత్రి నడిచే బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లో ఎక్సెప్షన్‌ను పట్టుకునే ట్రై-క్యాచ్ లేకపోతే ఒక్క కౌంట్ ధర లేనందుకు ఆ రాత్రి జాబ్ మొత్తం డంప్ అయి పడిపోతుంది. తెల్లవారేసరికి ఒక్క రైతుకూ బిల్లు ఉండదు. ఈ భయంతో మా దగ్గర చాలామంది ఆ ఎక్స్‌ప్రెషన్‌కు ఆప్షనల్ అన్న మాట తగిలిస్తున్నారు. అప్పుడు వరుస లేకపోతే ఎక్సెప్షన్ రాదు, ఖాళీ విలువ వస్తుంది, అంటే ధర సున్నా అవుతుంది. మీ ఉదాహరణలో రైతుకు ఎక్కువ ముట్టింది, ఈ పద్ధతిలో సున్నా ముడుతుంది. తప్పు కొత్త వేషంలో వచ్చిందంతే.

కనుక సబ్‌ఆర్‌సి బదులు ఏమి వాడాలన్నది తర్వాతి సంగతి. వరుస దొరకకపోతే వ్యాపారపరంగా ఏమి చేయాలో రాసినవాడు ముందుగా నిర్ణయించాడా లేదా? నిర్ణయించని చోట ఏ సాధనమూ కాపాడదు. నిర్ణయించిన చోట సబ్‌ఆర్‌సి చాలు, మధ్యలో ఇంకో వాక్యం చొరబడకుండా రివ్యూలో చూసుకోవాలి. కోడ్ ఇన్‌స్పెక్టర్, ఏటీసీ అనే కోడ్ తనిఖీ సాధనాలలో సబ్‌ఆర్‌సి పరీక్షను పట్టించుకునే నియమం ముందే ఉంది, దాన్ని ఎవరూ ఆన్ చేయకపోతే ఆ నేరం వేరియబుల్‌ది కాదు.

కావలి విద్యార్థి:

నేను ఇప్పుడే అబాప్ నేర్చుకుంటున్నాను. ఇండెక్స్‌కూ టాబిక్స్‌కూ తేడా అడగని ఇంటర్వ్యూ లేదంటున్నారు. ఈ నిషేధం వస్తే అవి నేర్చుకోవలసిన పని లేదా?

కర్నూలురోడ్డు:

నేర్చుకోవాలి బాబూ, పాత కోడ్ అంతా వాటితోనే ఉంది. డూ, వైల్ లూపులు ఎన్నోసారి తిరుగుతున్నాయో ఇండెక్స్ చెబుతుంది. ఇంటర్నల్ టేబుల్ మీద లూప్ తిరిగేటప్పుడు ఏ వరుస మీద ఉన్నామో టాబిక్స్ చెబుతుంది. ఇంటర్వ్యూలో అంతవరకే అడుగుతారు గాని, పనిలో కావలసింది దాని తర్వాతిది. లూప్ లోపల ఇంకో టేబుల్‌ను రీడ్ చేస్తే టాబిక్స్ ఆ టేబుల్ వరుస సంఖ్యగా మారిపోతుంది. ఆ తర్వాత ‘టాబిక్స్ సంఖ్య గల వరుసను మార్చు’ అని మాడిఫై రాస్తే బయటి టేబుల్‌లో సంబంధం లేని వరుస మారుతుంది. హ్యాష్డ్ టేబుల్‌కైతే వరుస సంఖ్యే ఉండదు కనుక టాబిక్స్‌లో సున్నా వస్తుంది. లూప్ మొదట్లోనే దాన్ని మన సొంత వేరియబుల్‌లోకి తీసుకోవడం, లేదా ఫీల్డ్ సింబల్ (వరుసను నేరుగా చూపే గుర్తు) వాడి అసలు ఆ సంఖ్య అవసరమే లేకుండా చేసుకోవడం మంచిది.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. పేరు నేరుగా రాసే స్టాటిక్ అసైన్ వాక్యం (ఫీల్డ్ సింబల్‌ను డేటాకు ముడివేసేది) సబ్‌ఆర్‌సిని ముట్టుకోదు. దాని కింద సబ్‌ఆర్‌సి చూస్తే అంతకుముందెప్పుడో పడిన విలువ కనబడుతుంది. ఈ ఒక్క విషయంలో పెన్నాతీరం గారి అనుమానానికి బలముందని ఒప్పుకోక తప్పదు: ఏ వాక్యం సబ్‌ఆర్‌సిని నింపుతుందో, ఏది నింపదో కంఠస్థం చేస్తే తప్ప తెలియదు.

కృష్ణపట్నం రేవు:

సబ్‌ఆర్‌సి మీద ఇంతసేపు వాదించుకున్నారు గాని, నా దృష్టిలో నిజంగా నిషేధించదగినది డాటుమ్.

డాటుమ్‌లో ఉండేది అప్లికేషన్ సర్వర్ తేదీ. మన దగ్గర పనిచేసే చాలా వ్యవస్థలకు మాతృసంస్థ విదేశంలో ఉంటుంది, సర్వర్ గడియారమూ అక్కడిదే. సర్వర్ జర్మనీ సమయంలో ఉందనుకోండి. మనకన్నా వారు చలికాలంలో 4:30 గంటలు, వేసవిలో 3:30 గంటలు వెనుక ఉంటారు. మార్చి చివరి ఆదివారమే వారి వేసవి సమయం మొదలవుతుంది కనుక, ఏప్రిల్ 1 తెల్లవారుజామున ఒంటిగంటకు ఇక్కడ కంటైనర్‌కు సీలు వేసి ఇన్వాయిస్ తీస్తే అక్కడ ఇంకా మార్చి 31 రాత్రి 9:30. ప్రోగ్రాము డాటుమ్‌ను ఇన్వాయిస్ తేదీగా తీసుకుంటే ఆ సరుకు పోయిన ఆర్థిక సంవత్సరంలో పడుతుంది. జీఎస్టీ నియమాల ప్రకారం ఇన్వాయిస్ నంబరు ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు కనుక నంబరు వరుసలు కూడా సంవత్సరం చూసుకుని నడుస్తాయి. తేదీ తప్పితే నంబరూ పాత వరుసలోనే పుడుతుంది. ఆ తర్వాత దాన్ని రద్దు చేసి కొత్తది తీయడం, ఓడ కాగితాలు మళ్లీ సరిచేయించడం ఎంత పనో ఎగుమతుల గుమాస్తాలను అడగండి.

‘అయితే ఎస్‌వైలోనే ఉన్న డాట్‌లో (DATLO) అనే వేరియబుల్ వాడండి, అది వాడుకరి కాలమండలం ప్రకారం తేదీ ఇస్తుంది’ అంటారు. ముందు కూర్చుని నొక్కే మనిషి ఉంటే సరే. రాత్రి బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే జాబ్‌కు వాడుకరి బ్యాచ్ ఖాతా, ఆ ఖాతాకు ఎవరు ఏ కాలమండలం పెట్టారో ఆ తేదీ వస్తుంది. పైగా బ్యాక్‌గ్రౌండ్‌లో తేదీ తనంతట మారదు. రాత్రి 11:50కి మొదలై రెండింటి దాకా నడిచే ప్రోగ్రాములో, గెట్ టైమ్ వాక్యం రాస్తే తప్ప, డాటుమ్ నిన్నటి తేదీగానే ఉండిపోతుంది. కొన్ని పనులకు అదే కావాలి, ఒకే పరుగులో రెండు తేదీలు పడకూడదు. కొన్ని పనులకు అది కొంప ముంచుతుంది.

ఇక క్లాసులంటారా, పెన్నాతీరం గారూ, డాటుమ్ బదులు కాంటెక్స్ట్-ఇన్ఫో క్లాస్‌ను సిస్టమ్ తేదీ అడిగినా మీకు వచ్చేది సిస్టమ్ తేదీయే. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే మనకు ఉదయం 5:30 దాకా అది నిన్నటి తేదీనే చెబుతుంది. నిబంధనను అక్షరాలా పాటించినట్టవుతుంది, ఇన్వాయిస్ మాత్రం పాత సంవత్సరంలోనే ఉంటుంది. కావలసింది ప్లాంట్ ఉన్న ఊరి తేదీ. దాన్ని టైమ్‌స్టాంప్ నుంచి ప్లాంట్ కాలమండలానికి మార్చి ఒకే ఒక్కచోట లెక్కించి, మిగతా మెథడ్‌లన్నిటికీ పారామీటర్‌గా పంపాలి. అప్పుడు యూనిట్ టెస్ట్‌లో మార్చి 31 వేసీ ఏప్రిల్ 1 వేసీ పరీక్షించుకోవచ్చు. లోపల ఎక్కడో డాటుమ్ చదివే కోడ్‌ను ఆ తేదీ వచ్చేదాకా పరీక్షించలేం.

నల్లరాయి:

దీనికి నా ఓటు. యూనేమ్‌ను కూడా ఇందులోనే చేర్చండి. ‘ఈ పేరు గలవారైతే తనిఖీ వద్దు’ అని డెవలపర్ తన ఐడీని రాసి పెట్టుకున్న పంక్తులు ప్రొడక్షన్ దాకా వెళ్లడం చాలామంది చూసే ఉంటారు. ఆ ఐడీ గల మనిషి వెళ్లిపోయినా పంక్తి ఉంటుంది. యూనేమ్ విలువ మార్చదగినది కనుక భద్రత నిర్ణయానికి అది పనికిరాదు. పేరు కావలసిన చోట అబాప్-సిస్ట్ క్లాస్‌ను అడగాలి, అనుమతి తేల్చవలసిన చోట ఆథారిటీ-చెక్ వాడాలి.

పెన్నాతీరం:

ముసాయిదా వాక్యాన్ని ఇలా మారుస్తానని జట్టుకు చెప్పాను: తేదీ, సమయం, వాడుకరి, క్లయింట్ వంటి పరిసర సమాచారాన్ని వ్యాపార తర్కం నేరుగా ఎస్‌వై నుంచి చదవరాదు, పారామీటర్‌గా అందుకోవాలి; తేదీ అయితే అది ఏ ప్రదేశపు తేదీయో పారామీటర్ పేరులోనే తెలియాలి. సబ్‌ఆర్‌సి విషయంలో మాత్రం నేను మెత్తబడలేదు. ఇంటర్నల్ టేబుల్ వెదుకులాటకు కొత్త కోడ్‌లో టేబుల్ ఎక్స్‌ప్రెషనే వాడాలని, ఆప్షనల్ తగిలించినవారు దానికి కారణం కామెంట్‌లో రాయాలని ప్రతిపాదిస్తున్నాను.

కర్నూలురోడ్డు:

మొదటి భాగానికి సమ్మతమే. రెండోదానికి కాదు. పిల్లలకు ట్రై-క్యాచ్ రాయమని చెబితే క్యాచ్ లోపల ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేస్తారు. ఖాళీ క్యాచ్ కన్నా సబ్‌ఆర్‌సి తనిఖీని రివ్యూలో పట్టుకోవడం నాకు సులువు. మీ జట్టులో ఆరు నెలలు నడిపి, ఖాళీ క్యాచ్‌లు ఎన్ని తేలాయో ఇక్కడే రాయండి, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.